వాన పడితే మొరాయించే వ్యాను

బ్రెడ్డు కంపెనీ షెడ్డులో అందరూ ఆమెను వైర్లక్క అంటారు. ఒకప్పుడు అక్కడే విడిభాగాల గదికి కాపలా ఉండేది. ఊరికే కూర్చోలేక, పారేసిన వైరింగులు విప్పి చూసి చూసి పని పట్టేసింది. ఇప్పుడు ఇంట్లో అన్నం తినే బల్ల మీద సగం రిలే స్విచ్చులే. "అమ్మా, కంచానికి కాస్త చోటిస్తావా?" అని కూతురు దెప్పుతుంటుంది.

ఆ రోజు తెల్లవారుజామున వాన కురిసి వెలిసింది. పొద్దున ఏడో నంబరు వ్యాను చుట్టూ గుంపు చేరింది. బండి మూడో గేరులో ఇరుక్కుని ఇంకో గేరుకు మారనంటోంది. పెద్ద మేస్త్రీ అప్పటికే తీర్పు చెప్పేశాడు: గేర్‌బాక్స్ పోయింది, మోటుగా తోలితే పోక ఏమవుతుంది! ఫిర్యాదు కాగితం మీద 'డ్రైవరు నిర్లక్ష్యం' అని రాసి పెట్టాడు. మధ్యాహ్నం అది మేనేజరు బల్లెక్కిందంటే ఇరవై రెండేళ్లుగా తోలుతున్న మనిషి ఇంటిదారి పట్టాల్సిందే.

"వాన పడితేనే మొరాయిస్తోందని నెల నుంచి మొత్తుకుంటున్నాను," అన్నాడు డ్రైవరు.

"గేర్‌బాక్సుకి జలుబు చేసిందేమో బాబాయ్!" అన్నాడొక ఫిట్టరు. అందరూ ఘొల్లుమన్నారు.

వైర్లక్కకు నవ్వు రాలేదు. బండి చెడితే ముందు తోలేవాడి చేతుల్నే అనుమానించడం ఆ షెడ్డుకు పాత జబ్బు. రోజుకు పది గంటలు బండితో గడిపే మనిషి మాట మాత్రం ఏ కాగితం మీదికీ ఎక్కదు.

"బాబాయ్, వానలో ఏమేం వేస్తావు?"

"ఇంకేముంటాయమ్మా, వైపర్లు, లైట్లు, అద్దానికి ఆవిరి పట్టకుండా ఫ్యాను."

"ఇంజను ఆన్ చేసి అన్నీ వెయ్యి."

వోల్టులు కొలిచే మీటరు తీగ ఒకటి బ్యాటరీ మైనస్‌కు, రెండోది బండి ఇనుప ఒంటికి ఆనించింది. సున్నా దగ్గర ఉండాల్సిన అంకె ఒకటిన్నర దాటింది.

"గేర్‌బాక్స్ గుండ్రాయిలా ఉంది మేస్త్రీ గారూ. కరెంటు తిరిగి వెళ్లే దారే మూసుకుపోయింది. లైట్లూ ఫ్యానూ వేస్తే గేర్లు మార్చే కంప్యూటరుకు చాలినంత అందడం లేదు. అందుకే బెదిరిపోయి మూడో గేరును పట్టుకుని కూర్చుంటోంది."

బ్యాటరీని బండి ఒంటికి కలిపే ఎర్త్ తీగ బోల్టు విప్పింది. దాని కింద, తీగకూ ఇనుముకూ మధ్య అడ్డంగా, కంపెనీ కొత్త రంగు నిగనిగలాడుతోంది. రంగు వేయించిన మొదటి బండి ఇదే, అదీ పోయిన నెల్లోనే.

"తీగ తిరిగి బిగించిందెవరు?"

పెద్ద మేస్త్రీ మెడ వెనక గోక్కున్నాడు. "నేనేలే. రంగు గీకడం మర్చిపోయాను."

ఆమె గరుకు కాగితంతో ఇనుము తెల్లబడేదాకా రుద్ది బోల్టు బిగించింది. డ్రైవరు ఎండలోనే వైపర్లు ఆడిస్తూ, లైట్లు వెలిగించుకుని వీధి చివరిదాకా వెళ్లొచ్చాడు. గేర్లు వెన్నలా జారుతూ పడ్డాయి.

"సరే, ఆ కాగితం చించేస్తాను," అన్నాడు మేస్త్రీ.

"చించకండి. చించితే ఏమీ జరగనట్టే ఉంటుంది. నిర్లక్ష్యం అన్నది కొట్టేసి, 'ఎర్త్ బోల్టు కింద రంగు' అని రాయండి. వానలోనే మొరాయిస్తోందని బాబాయ్ నెల ముందే చెప్పిన సంగతీ రాయండి."

"అంతా రాయాలా?"

"అంతా."

మేస్త్రీ నసుగుతూనే రాసి సంతకం పెట్టాడు. డ్రైవరు రెండుసార్లు చదువుకుని, "నా మాట కాగితమెక్కడం ఇదే మొదటిసారమ్మా," అంటూ ట్రేలు ఎక్కించుకోవడానికి బండిని బేకరీ వైపు తిప్పాడు.