బావ లుంగీతో సైకిలెక్కాను

నలభయ్యో ఏట నాకు ట్రయాథ్లాన్ పిచ్చి పట్టింది. ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేయాలి. మా ఊరి పక్క నాగావళిలో ఈత నేర్చుకుంటుంటే, అక్క మొగుడు వీడియో తీసి "సూడండి, గేదె ఈదతన్నాది" అని చుట్టాల గ్రూపులో పెట్టాడు. నిలదీస్తే, "బావని కదే, సరసమాడకూడదేటి?" అన్నాడు. వారమంతా పళ్లు నూరుకున్నాను.

ఆదివారం మళ్లీ వచ్చాడు. "ఈతంటే ఏటో సూడు" అంటూ లుంగీ, చొక్కా గట్టున విప్పేసి, డ్రాయరుతో దూకాడు. ఆయన ఏటి మధ్యకు వెళ్లగానే నేను ఒడ్డెక్కి, ఆ బట్టలు సైకిల్ బుట్టలో వేసుకున్నాను.

"ఒసే, నా లుంగీ!"

"మరదల్ని కదా బావా, సరసమాడకూడదేటి?" అని తొక్కేశాను.

తలుచుకుంటే ఇప్పటికీ కడుపు చల్లగా ఉంటుంది. ఆ రోజు ఈత, సైకిల్ నేను చేశాను. పరుగు బావ చేశాడు, ఆదివారం సంత మధ్యలోంచి.