గ్యాలరీలో పట్టిన క్యాచ్

మన దేశం కప్పు గెలిచిన కొత్తలో మా గల్లీ క్రికెట్‌కు ఒక రూలు ఉండేది. ఎదుటి ఒంటిగదుల చాల్ గోడకు తగిలి వెనక్కి వచ్చే బంతిని ఒంటిచేత్తో పడితే అవుట్. బొంబాయి కామాఠీపురాలో గల్లీ ఎంత ఉంటుంది, రెండు తోపుడు బండ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. అందుకే బ్యాటింగ్ కంటే ఆ ఒంటిచేతి క్యాచ్‌కే ఎక్కువ విలువ. అవి పట్టేదాన్ని నేను. టీములు పంచుకునేటప్పుడు నాకోసం కొట్లాడుకునేవాళ్లు. ఆ కొట్లాట వినడం నాకెంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు.

పెద్దమనిషినయ్యాక అమ్మ, "ఇగ గల్లీలకు దిగకు బిడ్డా, నలుగురు నవ్వుతరు," అంది. ఆ నలుగురు ఎవరో నాకిప్పటికీ తెలియదు. గల్లీలో అందరూ మావాళ్లే, పాలమూరు నుంచి కట్టుబడి పనికి వచ్చినవాళ్లే. నాన్న, ఆదివారం కదా, కింద చాల్‌వాళ్ల మండలి గదిలో క్యారమ్ ఆడడానికి వెళ్లిపోయాడు. మగవాళ్లకు ఆ సుఖముంది. మోకాళ్లు పట్టేస్తే క్యారమ్, అదీ చేతకాకపోతే పేకాట. అమ్మ ఏ ఆటా ఆడగా నేను చూడలేదు. చిన్నప్పుడు ఏమాడేదానివని అడగాలని కూడా తోచలేదు.

ఆ తర్వాత ఆదివారాలన్నీ మొదటి అంతస్తు గ్యాలరీలో, గదుల ముందు వసారాలోనే. ఒళ్లో బియ్యం చాట, కళ్లు కింద. నా చోట తమ్ముడు నిలబడేవాడు. వాడి చేతిలో బంతి నిలిచేది కాదు. వాడు జారవిడిచినప్పుడల్లా నా వేళ్లు వాటంతట అవే ముడుచుకునేవి. వెనక ఒకే గదిలో ఇంటిల్లిపాదీ ఉన్నా, నాకు ఎవరూ లేనట్టే ఉండేది.

నన్ను పేరు పెట్టి పిలవడం కూడా మానేశారు. నాతో జుట్లు పట్టుకొని కొట్లాడిన నా ఈడువాళ్లే "తాయీ" అనడం మొదలుపెట్టారు, మరాఠీలో అక్క అని. మర్యాదే, కాదనను. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఒక ఆదివారం బంతి గోడకు తగిలి పైకెగిరి నావైపే వచ్చింది. చాట దింపానో పడేశానో గుర్తులేదు. రెయిలింగ్ మీదుగా వంగి ఒంటిచేత్తో పట్టేశాను. బియ్యం గ్యాలరీ అంతా చిందాయి.

"అవుట్," అన్నాను.

అందరూ తలెత్తి చూశారు. బ్యాటు పట్టినవాడు దాన్ని కింద పెట్టబోయాడు కూడా. అవుటైతే లాభం తమ్ముడి టీముకే. అయినా అడ్డుపడింది వాడే.

"అవుట్ గాదురా. అక్క ఆడతలేదు గదా."

ఎవరూ కాదనలేదు. "తాయీ, బాల్ ఇయ్యి," అన్నాడు బ్యాటువాడు.

నేను ఇవ్వలేదు. బతిమాలుతారని, కనీసం పాతరోజుల్లోలా కొట్లాటకు వస్తారని బంతి గట్టిగా పట్టుకొని నిలబడ్డాను. ఎవడో ఇంట్లోకి వెళ్లి ఇంకో బంతి తెచ్చాడు. ఆట మళ్లీ మొదలైంది.