అన్న తెరవాల్సిన కళ్లు

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రాళ్లు మొయ్యడం మా ఇంటి వృత్తే అయినా ఈ బరువు మాత్రం అలవాటు కాలేదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల చివరి మాట. ఆళ్లగడ్డలో మాది విగ్రహాలు చెక్కే ఇల్లు. నాకు ఉలి పట్టడం నేర్పింది మా అన్నే. అన్నం పెట్టిన విద్య అది, రోజూ తలచుకుంటాను. ఒకసారి బండ దించుతుంటే గడ్డపార ఎగిరి అన్న నుదుటికి తగిలింది. ప్రాణం దక్కింది. చెయ్యి బాగుంది, మాట బాగుంది. పని మాత్రం నడుమనే ఆగిపోయేది. సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే కూర్చునేవాడు. నుదుటి వెనక మెదడు దెబ్బతింటే, తర్వాత ఏం చెయ్యాలన్న వరస తప్పుతుందట. నంద్యాల డాక్టరు మా వదినకు ఒకటే చెప్పాడు. ప్రతి పనీ పైకి చెప్పుకుంటూ చెయ్యనివ్వాలి, ఆగితే 'తర్వాతేంది?' అని అడిగి జవాబొచ్చేదాకా కాచుకోవాలి, పని మాత్రం చేతిలోంచి లాక్కోకూడదు.

వదిన కాచుకునేది. పొయ్యి మీద కూర మాడినా కాచుకునేది. నేనా? నాకెక్కడిది అంత ఓపిక?

కొన్ని నెలలకు అన్న గోస్పాడు వైపు వాళ్లు అడిగిన ఆంజనేయస్వామిని చెక్కడం మొదలుపెట్టాడు. 'ముక్కయింది, పెదాలైనాయి, ఇంగ కండ్లు' అని చెప్పుకుంటూ, తడబడుతూ, ఒక్కడే. మా ఇంట్లో విగ్రహానికి కళ్లు ఆఖరున చెక్కుతారు, వాటిని ఇంటి పెద్ద శిల్పి చెయ్యే తెరవాలి. అన్న ఉలి సానబెట్టుకున్నాడు. మరునాడు వదిన అతన్ని డాక్టరుకు చూపించడానికి నంద్యాల తీసుకుపోయింది. వాళ్ల బస్సు కదలగానే ఆ కళ్లు నేను తెరిచాను. పాడు చేస్తాడని భయపడ్డానా? అదీ ఉంది. కానీ అన్నకు దెబ్బ తగిలినప్పటినుంచి ఊళ్లో నన్ను పెద్ద శిల్పి అంటుంటే తియ్యగా ఉండేది, ఆ తీపి వదులుకోలేకపోయాను.

సాయంత్రం నంద్యాల నుంచి తిరిగొచ్చిన అన్న ఉలి తీసుకుని విగ్రహం ముందు నిలబడ్డాడు.

"కండ్లు ఎవరు తెరిసినార్రా?"

"నువ్వే గదన్నా. నిన్న."

"నేనా? నాకు జ్ఞాపకమే ల్యాదే."

"నువ్వేలే. బాగొచ్చినాయి."

చాలాసేపు చూసి ఉలి నా చేతిలో పెట్టాడు. "చేసిందే తెలీకపాయ. ఇంగ నాకెందుకురా ఇది. నువ్వుండావు, సాలు."

ఆ తర్వాత చాలాకాలం ఉలి ముట్టలేదు. వరసలు పైకి చెప్పుకోవడమూ మానేశాడు. నుదురు పగలగొట్టింది గడ్డపార. తన బుర్ర మీద తనకున్న నమ్మకాన్ని పగలగొట్టింది నేను. ఎందుకిలా అయ్యాడో వదినకు అర్థం కాలేదు. నేను నోరు విప్పలేదు.

ఆమె మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. చొక్కా గుండీలు, టీ కాచడం, తర్వాతేంది, తర్వాతేంది. నేను చెడగొట్టినదాన్ని తెలియకుండానే బాగుచేసిన ఆ తల్లిని తలచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

ఎనభైల్లో అన్న మళ్లీ ఉలి పట్టాడు. ఒక అమ్మవారికి కళ్లు తెరిచే రోజు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఈతూరి మరిసిపోనురా. నువ్వు సాక్షి" అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. క్షమించేవాళ్లు లేరు, నేను అడగడమూ లేదు. ఒక్కసారి పైకి చెప్పుకోనివ్వండి, చాలు.

ఆ స్వామికి కళ్లు తెరిచింది నేను. మా అన్న ఏదీ మరచిపోలేదు.