అద్దం తుడిచాకే వంతెన

నా చిన్నప్పుడు, దసరా మర్నాడు, బుధవారం పొద్దున్న ఆరూ నలభైకి మేము పాతపట్నంలో కారెక్కాం. అప్పటికి నాకు పదేళ్ళ నాలుగు నెలలు. కారు రైసుమిల్లు యజమానిది. తొమ్మిదేళ్ళుగా దాన్ని నడుపుతున్నది మా మావయ్య. శ్రీకాకుళంలో యజమాని కొత్త దుకాణం తెరవడానికి తొమ్మిదింటికి ముహూర్తం. ఆ ఊళ్ళోనే ఉన్న మా అమ్మమ్మ దగ్గర దింపుతామని నన్నూ ముందు సీట్లో కూర్చోబెట్టారు. యజమాని వెనక సీట్లో కూర్చున్నారు.

ముందురోజు కారుకు పూజ చేశారు. యజమాని ఇంట్లోవాళ్ళు పసుపును నూనెతో తడిపి ముందద్దం మీద మూడు పెద్ద బొట్లు పెట్టి, అది చాలక వైపర్ల రబ్బర్లకు కూడా నిలువునా పట్టించారు. పూజ పసుపు దానంతటదే పోవాలి గాని తుడవకూడదని వాళ్ళ పట్టింపు. బయల్దేరేముందు మావయ్య గుడ్డ తీస్తే యజమాని వద్దని ఆపేశారు.

వంశధార వంతెన దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా పెద్ద వాన పట్టుకుంది. వైపర్లు రెండుసార్లు ఊగేసరికి అద్దమంతా పచ్చగా అలుక్కుపోయింది. ఆ వంతెనకు పిట్టగోడ మోకాలెత్తు. కింద ఏరు నిండుగా పోతోంది. మావయ్య బండి ఆపేశాడు.

"ఏటిరా ఆపీసినావు? ముహూర్తం దాటిపోతాది."

"కనపడ్డం నేదు బాబూ. తుడవాల."

"దేవుడి పసుపురా అది. ఆయనే సూసుకుంటాడు, పోనీ."

"దేవుడికి దారి తెలుసు బాబూ. తోలీవోణ్ని నేను."

"అద్దం మీద సెయ్యేస్తే రేపణ్నుంచి పన్లోకి రాకు."

"రేపు రాన్లెండి. ఇయ్యాల మాత్రం తుడిసినాకే బండి కదుల్తాది."

మావయ్య వానలోకి దిగాడు. "ఒసే గుంటా, నీ సంచీల సబ్బుంటే తే" అన్నాడు. పండక్కి కొనుక్కున్న పొందూరు కండువా తడిపి, సబ్బు రాసి, అద్దం మూడుసార్లు కడిగాడు. అక్కడితో సరిపెట్టలేదు. వైపర్లు పైకి లేపి, రబ్బరు అంచును రెండు వేళ్ళమధ్య కండువాతో పట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు లాగాడు. గుడ్డ మీద పసుపూ మురికీ కలిసిన గీత పడింది. మడత మార్చి మళ్ళీ లాగాడు. గీత పడడం ఆగేదాకా, అలా పదకొండుసార్లు. లెక్కపెట్టింది నేనే.

అప్పుడు వైపర్లు వేస్తే వంతెన కొస దాకా కనిపించింది. దాని మీద మనిషీ లేడు, గొడ్డూ లేదు.

"ఏటుందిరా అక్కడ?" అన్నారు యజమాని వెటకారంగా.

"ఏటీ నేదని ఇప్పుడు తెలిసింది బాబూ" అని గేరు వేశాడు మావయ్య.

అన్నమాట ప్రకారం మర్నాడు అతను పన్లోకి వెళ్ళలేదు. క్షమించమని అడగడానికీ వెళ్ళలేదు. ఇంట్లో అందరూ తిట్టారు. నేను తిట్టలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై రెండు. మృగశిర కార్తెకు ముందే మనవరాలి కారుకు కొత్త రబ్బర్లు వేయిస్తాను. వానాకాలమంతా ఆదివారం ఆదివారం వాటిని లేపి తడిగుడ్డతో లాగుతాను. చాదస్తం అంటారు. అననీ. ఎవరి బండైనా సరే, అద్దం మసకగా ఉంటే ఎక్కను. అలా ఒకసారి రైలు తప్పింది. ఇప్పటికీ విచారం లేదు.

ఆ బుధవారం పోయినవి: ముప్పై రెండు నిమిషాలు, ఒక ముహూర్తం, ఒక సబ్బుముక్క, ఒక కండువా, మా మావయ్య తొమ్మిదేళ్ళ ఉద్యోగం. ప్రాణాలు ఏవీ పోలేదు.