లాఠీల భయమని చెప్పాను

నేను నా భార్యను కొట్టేవాణ్ని. ఇన్నేళ్లు నేను గుండెల మీద మోసింది అది కాదు. అది నానక్‌రామ్‌గూడలో మా గల్లీ అంతటికీ తెలుసు. మోసింది ఒక్క అబద్ధం. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి మీకు చెప్పుకోగలుగుతున్నాను.

తెలంగాణ ఉద్యమం రోజులు. గచ్చిబౌలి వైపు షేర్ ఆటో నడిపేవాణ్ని. ఊరేగింపులో పోలీసు లాఠీ నా వీపు చీల్చింది. ఇంటికొచ్చి, కూర చల్లారిందని, ఆమె జుట్టు పట్టి గోడకు కొట్టాను. కనుబొమ పగిలింది. లాఠీ కసి తీర్చుకున్నానా? లేదు. ఉద్యమానికి ముందూ కొట్టాను.

మర్నాడు ఒక సర్వే అమ్మాయి వచ్చింది. బస్తీలో ఎంతమందికి ఆందోళన జబ్బు ఉందో ఇంటింటా అడుగుతున్నారట; ఉన్నవాళ్లను డాక్టరమ్మ చూస్తుందట.

"ఆమెతో విడిగా మాట్లాడాలండి," అంది.

"మా ఇంట్ల చాటు మాటల్లేవు బిడ్డా. నా ముంగటనే అడుగు." మంచం మీద నుంచి లేవలేదు.

గుండె దడ, ఊపిరాడకపోవడం, నిద్ర పట్టకపోవడం. అడిగినదానికల్లా నా భార్య తలూపింది, కొంగు నుదుటి మీదకు లాక్కుంటూ.

"దేనికమ్మా అంత భయం?"

ఆమె నోరు తెరిచింది. నేను అందుకున్నాను. "లాఠీల భయం. ఊరందరికీ ఉన్నదే. మీ ఆంధ్రోళ్లకు లేదా ఏంది?"

అమ్మాయి నవ్వలేదు. "ఉందండి. గొడవలు ఆగితే పోయే భయం వేరు, ఆగినా పోనిది వేరు. మేం లెక్కపెట్టేది రెండోది. మీరు చెప్పండమ్మా."

నా భార్య నా చేతుల వైపు చూసింది. "గంతే. ఆయన చెప్పినట్టే."

ఆ అమ్మాయి మా ఇంటిని జబ్బు లేని ఇళ్ల లెక్కలో కలిపి వెళ్లిపోయింది. డాక్టరమ్మ రాలేదు.

రాష్ట్రం వచ్చిన సాయంత్రం గల్లీ నిండా పటాకులు. నా భార్య గడపలో నిలబడి చూస్తోంది. పక్కనే పేలినా ఉలకలేదు. నేను ఆటో ఆపి, మెట్టు మీద చెప్పులు విడిచాను. ఆ చిన్న చప్పుడుకు ఆమె చేతిలోని మిఠాయి పళ్లెం జారిపడింది. గోడకు ఆనుకుని, రెండు చేతులతో తల కప్పుకుంది.

లాఠీలు పోయాయి. మరి ఇదేమిటి? నాకు అప్పుడే తెలిసిందా, ఆ అమ్మాయి అడిగిననాడే తెలుసా? తెలుసు. వాళ్లిద్దరినీ విడిగా వదిలితే నా పేరు బయటికొస్తుందని తెలిసే మంచం మీద నుంచి లేవలేదు.

కొన్నేళ్లకు ఆమె చనిపోయింది, ఆ భయంతోనే. క్షమించమని ఎవరిని అడగను? మిమ్మల్నీ అడగను. ఆమెకు భయం లాఠీ అంటే కాదు, నేనంటే.

ఇంత రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆమెకు ఆడలేదు.