పసుపు అట్ట క్యాసెట్టుకు తొంభై మూడు మార్కులు

ఆ రోజుల్లో ఒక పాట బాగుంది అనడానికి మనిషి కొంత కష్టపడేవాడు. ఇప్పుడేముంది, ఫోనుకు వేలు తగిలితే చాలు, ఐదు నక్షత్రాలు పడిపోతాయి. మొన్న ఆదోని బస్టాండులో నా పక్కన కూర్చున్న ఒక పెద్దమనిషి పల్లవి కూడా పూర్తి కాకముందే ఐదుకు ఐదు నొక్కి, ఆ పాట ఆపేసి ఇంకో పాటకు వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. "ఏమన్నా, చరణం వినకుండానే ఎట్లిస్తివి మార్కులు?" అని అడిగాను. "నీకేం పోతాదప్పా, మీ ఇంటి సొమ్మా?" అన్నాడు. మా ఇంటి సొమ్ము కాదు, నిజమే. కానీ నేను మార్కులు వేసిన కాలంలో ఒక్క క్యాసెట్టుకు మూడు రోజులు పట్టేది. మొదటి రోజు ఊరికే వినడం, రెండో రోజు మార్కులు వేయడం, మూడో రోజు వేసిన మార్కులను మళ్ళీ సరిచూడడం. ఇంత చేసీ తప్పు చేశాను. ముప్పై ఏళ్ళ కిందటి ఆ తప్పును తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. (ఆ కోపంలో కొంత ఆ పెద్దమనిషి మీద చూపించానేమో, చెప్పలేను.)

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఆదోనిలో ఒక పత్తి మిల్లులో కాటా దగ్గర పని. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. సగటు, శాతం, భిన్నాలు అన్నీ ఆ కాటా పక్కన నిలబడి నాకు నేనే నేర్చుకున్నాను. కానీ మిల్లులో నా లెక్కకు విలువ లేదు. నేను రాసిచ్చిన తూకాలన్నిటినీ గుమాస్తా మళ్ళీ మొదటినుంచి కూడేవాడు. ఒక్కరోజూ తప్పు దొరకలేదు. "కరెక్టే లేప్పా, ఎందుకైనా మంచిదని" అనేవాడు. ఆ 'ఎందుకైనా మంచిది' అన్న మాట విన్నప్పుడల్లా కాటా రాయి ఎత్తి ఎక్కడైనా వేయాలనిపించేది. ఎక్కడ వేయాలో కూడా అనుకునేవాణ్ణి.

నా లెక్కను నమ్మిన చోటు ఊళ్ళో ఒక్కటే ఉండేది, భాయ్ రికార్డింగు అంగడి. కావలసిన పాటల పేర్లు చీటీ మీద రాసిస్తే, భాయ్ ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవాడు. ఏ పాట ఎక్కించుకోవాలో తెలియక జనం అక్కడే నిలబడి తన్నుకులాడుతుంటే, ఒకరోజు నా నోటుబుక్కు తీసి మార్కులు చదివాను. భాయ్‌కి నచ్చి, వాటిని ఒక పెద్ద కాగితం మీద రాయించి గోడకు అంటించాడు. మార్కులు ఎట్లా వేసేవాణ్ణంటే, నూటికి బాణీకి ముప్పై, గొంతుకు ఇరవై ఐదు, మాటలకు ఇరవై, చరణాల నడుమ వాయించేదానికి పదిహేను. రెండోవైపు చిట్టచివరి పాటకు ప్రత్యేకంగా పది, ఎందుకంటే చేతికొచ్చిన చెత్తంతా అక్కడ పడేస్తారు కాబట్టి. మాటలు దొరక్క లాలలా అని పాడించి తప్పించుకుంటే మూడు మార్కులు కోత. ఇట్లా నూట పన్నెండు క్యాసెట్లు. కొత్తగా వచ్చినవాళ్ళు చీటీ రాసేముందు గోడవైపు చూసి, "ఈ మార్కులయ్యోరు దీనికి ఎన్నేసినాడు?" అని అడిగేవాళ్ళు. మా దగ్గర బడిపంతుల్ని అయ్యోరు అంటారు. ఎనిమిదితో ఆగినవాణ్ణి అయ్యోరు అన్నారంటే నాకు ఎట్లా ఉండేదో మీరే ఊహించుకోండి.

ఆ కాగితంలో అన్నిటికంటే పైన ఉన్నది పసుపు అట్ట క్యాసెట్టు. సినిమా ఆరు రోజులాడి వెళ్ళిపోయింది. పేరు చెప్పినా మీకు తెలియదు, చెప్పను కూడా. అందులో ఒక ఆడగొంతు పాట ఉంది, మొదటివైపు రెండోది. జింకపిల్ల గంతులేసినట్టు ఉండేది. క్యాసెట్టు మొత్తానికి తొంభై మూడు వేశాను. ఆ ఏడు పోయింది కూడా రెండోవైపు చివరి పాట వల్లే.

ఒక శుక్రవారం అంగడికి పోతే నా కాగితం పక్కన ఒక పోస్టుకార్డు అంటించి ఉంది. యెమ్మిగనూరు నుంచి వచ్చింది. 'పసుపు అట్టకు తొంభై మూడు వేసిన పుణ్యాత్ముడికి చెవులుండాయా? నలభై ఒకటి ఇస్తేనే ఎక్కువ. ఇట్లు, మగ్గం నేసుకునేవాడు.' కింద ఇంటి గుర్తులు కూడా రాశాడు, వచ్చి కొట్టదలచుకుంటే కొట్టమన్నట్టు. అంగట్లో ఏడుగురున్నారు, ఏడుగురూ నవ్వారు. "దాన్ని తీసెయ్ భాయ్" అన్నాను. "కైసా తీసేది? ఆయనా గిరాకీయే, నువ్వూ గిరాకీయే. వచ్చే జుమ్మా లోపల మీరిద్దరూ తేల్చుకోండి. ఆయనకీ కార్డేసి చెప్తా. ఓడినోడి పేపరు పీకేస్తా, గెలిచినోడిదే గోడ మీద ఉంటాది" అన్నాడు భాయ్. అంటే, వచ్చే శుక్రవారంలోగా నేను మార్కులయ్యోరుగా ఉంటానో, గుమాస్తా తిరిగి కూడే కాటావాడిగా మిగులుతానో తేలిపోతుందన్నమాట.

ఆదివారం పొద్దున్నే యెమ్మిగనూరు బస్సెక్కాను. దారి పొడుగునా మనసులో కొట్లాడుతూనే ఉన్నాను. (ఆయన అడగబోయే పధ్నాలుగు మాటలకు పధ్నాలుగు జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆయన అందులో ఒక్కటీ అడగలేదు.) ఇల్లు కనుక్కుని లోపలికి పోతే, గుంటమగ్గంలో నడుము వరకు దిగి, నాకంటే పదేళ్ళు పెద్దాయన నేస్తూ ఉన్నాడు. పక్కన గూట్లో టేపు రికార్డరు.

"పోస్టుకార్డు రాసింది నువ్వేనా?" అన్నాను, నమస్కారం కూడా పెట్టకుండా.

"ఓహో, మార్కులయ్యోరా! బస్సు దిగి నేరుగా కొట్లాటకే వస్తివా? కూసో అప్పా, నీళ్ళు తాగు. నీళ్ళు తాగి కొట్లాడితే గొంతు బాగా లేస్తాది."

"నీళ్ళొద్దు. నలభై ఒకటి ఎట్లేసినావో సెప్పు."

"నాకు నీ మాదిరి ముప్పై, ఇరవై ఐదు తెలీదు. మగ్గం మీద కూసున్నాక పాటతో పాటు కాలు ఆడాల. అందులో ఆ ఆడగొంతు పాట నడక దున్నపోతు నడక. పల్లవి అయ్యేలోపల నా కాలు నిద్రపోతాది."

"దున్నపోతా? అది జింకపిల్లన్నా! నీకు చెవులు లేవు."

"అదే మాట నేను కార్డులో రాస్తి గదప్పా" అని నవ్వి, పసుపు అట్ట క్యాసెట్టు తీసి టేపులో వేశాడు.

పాట మొదలైంది. నేను లేచి నిలబడ్డాను. అది నా పాట కాదు. బాణీ అదే, మాటలు అవే, కానీ ఆ పిల్లగొంతుకు ఎవరో పదిహేనేళ్ళ వయసు కలిపినట్టుంది. కాళ్ళీడుస్తూ వస్తోంది. గడియారం చూసుకున్నాను. నాలుగు నిమిషాల యాభై సెకన్లు. నా నోటుబుక్కులో నాలుగు నిమిషాల ఇరవై ఆరు అని ఉంది. "నీ టేపుకు రోగమొచ్చింది! ఇరవై నాలుగు సెకన్లు సాగదీస్తాంది. చెడిపోయిన టేపులో విని నా మీద కార్డు రాస్తావా?" అని గట్టిగా అరిచేశాను. పక్కింటివాళ్ళు తొంగి చూశారు.

ఆయన కోపం తెచ్చుకోలేదు. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది. "సరే, టేపు సంగతి దేవుడెరుగు. నువ్వేం పని చేస్తావప్పా?" అని అడిగాడు.

"పత్తి మిల్లులో కాటా."

"పొద్దున్నే కాటా దగ్గరికి పోతానే ఏం చేస్తావు?"

"తూకపు రాళ్ళు పెట్టి సరిచూస్తాను. చూడకుండా ఒక్క మూట కూడా ఎక్కించను" అన్నాను గర్వంగా.

"మంచి పని. మరి నీ టేపును దేంతో సరిచూసినావు?"

నా గడియారమే తప్పేమోనని చెవికి ఆనించి చూసుకున్నాను. ఆయన మళ్ళీ నాడెను పడుగు దారాల నడుమ ఇటూ అటూ విసురుతూ, "నాకు గడియారం లేదు. ఈ పాటకి నాడె రెండు నూర్ల పదిసార్లు తిరుగుతాది. మా టేపులో అయినా, మా బామ్మర్ది టేపులో అయినా అంతే. నీ ఇంట్లో ఎన్నిసార్లు తిరుగుతాదో సూసుకో పో" అన్నాడు. నీళ్ళు తాగకుండానే వచ్చేశాను.

మధ్యాహ్నం ఇంటికి చేరగానే అరవై నిమిషాల క్యాసెట్టు పెట్టాను. ఒకవైపు ముప్పై నిమిషాలు రావాలి. ఇరవై ఏడున్నరకే టక్కుమని ఆగిపోయింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఇరవై ఏడున్నర. టేపు రికార్డరు విప్పి చూస్తే నా చేతి పనే కనబడింది. రెండేళ్ళ కిందట దాని రబ్బరు బెల్టు వదులై జారిపోతుంటే, రిపేరువాడు వారం రోజులు పెట్టిపొమ్మన్నాడని కోపం వచ్చి, మోటారు చిన్నచక్రానికి, కరెంటు తీగలకు చుట్టే నల్లటేపు నేనే రెండు చుట్లు చుట్టాను. బెల్టు పట్టు దొరికి గిర్రున తిరిగింది. ఎంత తెలివైనవాణ్ణో అని నలుగురికీ చెప్పుకున్నాను కూడా. తిప్పే చక్రం లావైతే తిరిగేది వేగంగా తిరుగుతుందని మిల్లులో యంత్రాలను తిప్పే పట్టాలు చూసే ప్రతి కూలీకీ తెలుసు. వాటి పక్కనే రోజూ నిలబడే నాకు తెలియలేదు. అంటే నూట పన్నెండు క్యాసెట్లకూ, మూడేసి రోజులు కూర్చుని, నేను మార్కులు వేసింది పరుగెత్తే పాటలకు. సరిచూసిన మూడో రోజు కూడా ఆ టేపులోనే సరిచూశాను!

జుమ్మా వరకు ఐదు రోజులు నాతో నేను పోట్లాడాను. నల్లటేపు పీకేసి ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? యెమ్మిగనూరాయన టేపే చెడిపోయిందంటే అంగట్లో అందరూ నన్నే నమ్ముతారు, అయ్యోరును కదా. కానీ రాళ్ళు తప్పని తెలిసీ తూకం రాసేవాణ్ణి ఏమంటారో నాకు తెలుసు. శుక్రవారం అంగడికి పోయి, భాయ్ నోరు తెరిచేలోపలే నా కాగితాన్ని నేనే గోరుతో గీకి పీకేశాను. సంగతి చెప్పాను. భాయ్ బల్ల మీద కొట్టి నవ్వాడు. "అరే, పాటలన్నిటికీ పరుగుపందెం పెట్టినావురా!" అన్నాడు. ఒకాయన మాత్రం నవ్వలేదు. "మరి నీ మార్కులు సూసి నేను ఎక్కించుకున్న పదకొండు క్యాసెట్లు ఏం చేయాల?" అని గొడవకు దిగాడు. న్యాయమే. ఇంతలో యెమ్మిగనూరు మగ్గమన్న మెట్లెక్కి వచ్చాడు. గోడమీద ఖాళీ చూసి నిలబడిపోయాడు. "గెలిచి నవ్వుకుందామని బస్సెక్కి వస్తి. నువ్వే ముందు ఒప్పుకుంటే నాకు నవ్వడానికేం మిగిల్చినావప్పా?" అని, తన పోస్టుకార్డును కూడా పీకి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు ఆయనతో టీ తాగాను, కానీ కోపం పోయి కాదు.

నల్లటేపు తీసేసి, కొత్త బెల్టు వేయించి, నూట పన్నెండూ మళ్ళీ విన్నాను. ఏడాది పట్టింది. కొత్త మార్కులు ఏ గోడకూ ఇవ్వలేదు. పసుపు అట్టకు యాభై ఎనిమిది వచ్చాయి. (మగ్గమన్న నలభై ఒకటికీ దీనికీ నడుమ ఉన్న పదిహేడు, నా మొండితనానికి నేను వేసుకున్నవి.) ఆ తర్వాత ఒకసారి ఉండబట్టలేక ఆ చక్రానికి మళ్ళీ నల్లటేపు చుట్టి చూశాను. బెల్టు తెగి ఎగిరి ముక్కుకు తగిలింది.

పోయిన నెల ఫోనులో ఆ పాట కనబడితే వేగం పెంచి విన్నాను. పాట పరుగెత్తింది గానీ గొంతు మారలేదు. అదే పెద్దావిడ తొందరగా పాడుతున్నట్టుంది. ఫోనును తిట్టి పక్కన పెట్టాను. నేను తొంభై మూడు వేసిన ఆ పాటను ఎవరూ కట్టలేదు, ఎవరూ పాడలేదు. ఆదోనిలో ఒక చిన్న గదిలో, గడియారం పట్టుకుని, కళ్ళు మూసుకుని, సెకన్లు లెక్కపెట్టుకుంటూ ఒకే ఒక్క కుర్రవాడు విన్నాడు. వాడి లెక్క తప్పే. అయినా వాడు ఆ పాట వింటూ మురిసిపోయిన తీరు గుర్తొస్తే, మళ్ళీ కూడి చూడాలని మాత్రం అనిపించదు.