చక్కెర లేని సీసా

ప్రయోగశాలలో ఆమెను అందరూ పిల్లలతల్లి అనేవారు. అది వేళాకోళమే అయినా ఆమె మురిసిపోయేది. గాజుసీసాల్లో తెల్ల మొలకలను సాకడం ఆమె పని. పుట్టుకతోనే పాలిపోయిన పొగాకు మొలకలవి. ఎంత వెలుతురులో పెట్టినా తమ తిండి తాము వండుకోలేవు. అడుగున చక్కెర కలిపిన జెల్లీ ఉంటేనే వాటి ప్రాణం నిలబడేది.

లోపం ఎక్కడుందో పెద్దసారు ఒకసారి విసుక్కుంటూనే చెప్పాడు. ఆకులోని పచ్చ రేణువులకు సొంత జన్యువులుంటాయి. వాటి నుంచి ముందు ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారవుతుంది. కొన్ని నకళ్ల మధ్యలో అక్కరలేని ముక్క ఉంటుంది. దాన్ని కత్తిరించి కొసలు అతికిస్తే తప్ప ఆ నకలును చదివి ప్రోటీన్ చేయడం కుదరదు. ఆ కత్తిరింపుకు సాయపడే ప్రోటీనును చేసే జన్యువు మాత్రం కణకేంద్రకంలో ఉంటుంది. ఈ మొలకల్లో అదే చెడిపోయింది. కత్తిరించని నకళ్లు పోగుపడతాయి గానీ ఆకు పచ్చబడదు.

చెడిపోని జన్యువును ఎక్కించగా ఎక్కించగా, ఏళ్లు గడిచాక ఒక్క మొలక లేతపచ్చకు తిరిగింది.

"ఇది చక్కెర లేకుండా బతికి విత్తనమిస్తే నీ ఉద్యోగం పర్మనెంట్ చేయిస్తా" అన్నాడు పెద్దసారు.

పిల్లలతల్లి కాళ్లు నేల మీద నిలవలేదు. ఆయన మాట విలువెంతో తెలిసినవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. ఒక్కరైనా ఆమెను హెచ్చరించలేదు, వాళ్లకేం పోయింది గనక!

మొలకను చక్కెర లేని సీసాలోకి మార్చారు. కొద్దిరోజులకే అది తల వేలాడేసింది. చోటు మారిన మొలక ఏదైనా కొన్నాళ్లు అలాగే ఉంటుంది, ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా పస్తున్న బిడ్డను చూసినట్టు ఆమె ప్రాణం ఉసూరుమంది. అందరూ భోజనానికి వెళ్లినప్పుడు దాన్ని తీసి చక్కెర సీసాలో నాటేసింది.

చక్కెర సీసాలకు ఎర్రమూతలు. మర్నాడు లోపలికి వస్తూనే పెద్దసారు పట్టేశాడు.

"పస్తు పెడితేనే కదా దానికి వండుకోవడం వచ్చో రాదో తెలిసేది! నీ జాలి తగలెయ్య! రేపు పైవాళ్లు వస్తే ఏం చూపించను?"

"మళ్లీ మార్చేస్తాను సార్. కొన్నాళ్లు ఆగండి."

"ఆగేది లేదు. నూరెయ్. ఆర్‌ఎన్‌ఏ తీసి, కత్తిరింపు జరుగుతోందో లేదో అదైనా చూపిస్తా."

"చిగురొక్కటీ ఉంచండి సార్, దాన్నుంచి మళ్లీ పెంచుకుంటా."

"ఉన్నదే వేలెడంత. అందులో చిగురు తీస్తే మిగిలేదేంటి? నువ్వే నూరు, బుద్ధొస్తుంది."

ఆమె మొలకను కల్వంలో పెట్టి ద్రవ నైట్రోజన్ పోసింది. తెల్లగా పొగలేచింది. "మెల్లగా, పిల్లలతల్లీ! ఏడుస్తుందేమో" అన్నాడొక పరిశోధక విద్యార్థి. గది గదంతా పగలబడి నవ్వింది. ఆమె తల ఎత్తకుండా, మొలక పొడి అయ్యేదాకా నూరింది.

సాయంత్రానికి ఫలితం వచ్చింది. కత్తిరించిన నకలు పొట్టిది కాబట్టి, నకళ్లను పొడవును బట్టి విడదీసే జెల్ పలకలో దాని గీత కిందికి దిగాలి. గీత కిందే ఉంది, కొట్టొచ్చినట్టు. పెద్దసారు ఆ విద్యార్థి భుజం తట్టి అభినందించాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆమెను ఎవరూ పట్టించుకోలేదు.

"సార్, అయితే అది చక్కెర లేకుండా బతికేదేనా?"

"నిక్షేపంలా బతికేది" అన్నాడాయన, గీత మీంచి చూపు తిప్పకుండా. "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. పోయేముందు ఆ కల్వం కడిగిపెట్టు."